మా అక్క కాలపు ఇంగ్లీషు

ఒకటో రోజు

మేల్కొలుపు గదిలో, ఓడలో ఏళ్ళ తరబడి నిద్రలో వచ్చిన ప్రతి నిద్రమనిషికీ ఒక లాగ్ పుస్తకం తెరుస్తాం. మొదటి పేజీలో "రాసేవారికి బంధుత్వం" అని ఒక గడి ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ గడిలో "లేదు" అని రాస్తూ వచ్చాను. ఇవాళ "చెల్లెలు" అని రాశాను. రాసి, కలం పక్కన పెట్టి, టీ కోసం లేచాను. ఈ స్టేషన్లో గాలి పల్చన కాబట్టి నీళ్ళు ఇట్టే మరుగుతాయి గానీ టీ ఎంతకీ దిగదు. ఆ వెలిసిపోయిన టీయే తాగి మళ్ళీ కూర్చున్నాను.

నిద్రమనిషి పేరు కువల. వయసు పందొమ్మిది. సొంతూరు కాకినాడ. వచ్చిన ఓడ కృత్తిక. నిద్రలో గడిచినవి యాభై రెండేళ్ళు. రాస్తున్నది ఉత్పల, మేల్కొలుపు గది పెద్ద, వయసు యాభై ఎనిమిది.

చెల్లెలికి యాభై ఎనిమిదీ, అక్కకు పందొమ్మిదీ ఏమిటని ఎవరికైనా అనుమానం రావచ్చు. లెక్క సరిగ్గానే ఉంది. కృత్తిక అంతరిక్షంలో నడిచే పాతకాలపు నెమ్మది ఓడ. అందులో తొమ్మిది మంది శిక్షణ పిల్లలకు చోటిచ్చారు, మా అక్క వాళ్ళలో ఒకతి. అప్పుడు నాకు పదకొండేళ్ళు. తర్వాతి ఓడలో మేమంతా వెళ్ళాలని అనుకున్నాం. ఆ తర్వాతి ఓడ పద్నాలుగేళ్ళకు గానీ కదల్లేదు. అప్పటికి అమ్మా నాన్నా లేరు, నేనొక్కదాన్నే ఎక్కాను. అది కొత్త రకం ఓడ, ఐదేళ్ళలో తెచ్చి ఇక్కడ దింపేసింది. దారిలో ఎక్కడో మా అక్కను దాటేశాను. ఇద్దరం నిద్రలోనే ఉన్నాం.

ఆ రోజు నుంచి ముప్ఫై మూడేళ్ళుగా ఎదురు చూస్తున్నాను. ఇవాళ పొద్దున కృత్తిక వచ్చి స్టేషన్‌కు తగులుకుంది.

శరీరాన్ని లేపడానికి డాక్టర్ రాజేశంగారు చాలు. వెచ్చబెట్టి, రక్తం పారించి, ఊపిరి అందిస్తారు. మనసు మాత్రం పిలిస్తేనే వస్తుంది. పిలిచే మాట ఆ మనిషి నిద్రపోయిన నాటి మాట అయి ఉండాలి, లేకపోతే ఎక్కడికో తెలియని చోటికి వచ్చిపడ్డామని బెదిరి లోపలికి ముడుచుకుపోతారు. ఇది మా స్టేషన్ పుట్టినప్పటి నుంచీ ఉన్న నియమం. ఓడ వచ్చిన రోజు నుంచి తొమ్మిది రోజులే గడువు. అప్పటికీ కళ్ళు తెరవకపోతే కింది వార్డుకు పంపేస్తాం. అక్కడ ఇప్పుడు నలభై ఒక్కమంది ఉన్నారు. నెలకోసారి వెళ్ళి వాళ్ళ గోళ్ళు తీసి వస్తాను. ఇంతవరకు ఒక్కరూ లేచింది లేదు.

బంధువులు పిలవకూడదన్నది ఇంకో నియమం. అందుకని ఈసారి పిలిచేది జుబేదా. మాటల భాండారం చూసుకునే పిల్ల, ఇరవై నాలుగేళ్ళు, ఇక్కడే పుట్టింది. ఏం మాట్లాడాలో నేను రాసిస్తాను. నేను అద్దం ఇవతల కూర్చోవాలి.

అద్దంలోంచి అక్కను చూశాను. ఇంత చిన్న పిల్లా మా అక్క! నా కళ్ళకు ఎప్పుడూ పెద్దదిగానే ఉండేది.

రెండో రోజు

రోజంతా మాట వడకట్టడంతో సరిపోయింది. మా వృత్తిలో అసలు పని ఇదే.

తెలుగును వడకట్టే అవసరం పెద్దగా రాదు. అన్నం, ఆకలి, చలి, అమ్మ వందేళ్ళయినా అలాగే పడి ఉంటాయి. పల్టీలు కొట్టేది మధ్యలో దూరిన ఇంగ్లీషు ముక్కలు. మా అక్క కాలంలో బాగున్న ప్రతిదీ "గ్లాస్". పాట గ్లాస్, చెప్పులు గ్లాస్, పక్క వీధి కుర్రాడు గ్లాస్. నాకు ఇరవై వచ్చేసరికి గ్లాస్ అన్నవాళ్ళను చూసి నవ్వుకునేవాళ్ళం, మాకు అన్నీ "నియాన్". నేను ఇక్కడ దిగేసరికి నియాన్ కూడా పోయింది. గాలి కొలిచి పీల్చే ఈ ఊళ్ళో పుట్టిన పిల్లలకు బాగున్నదంతా "ఆక్సీ". "కూల్" ఒక్కటే ఎన్ని తరాలు పోయినా చావకుండా తిరుగుతోంది, దాని గుట్టు ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

మాట బతుకంతా ఇంతే. పిల్లలు పుట్టిస్తారు. ప్రకటనలవాళ్ళు ఎత్తుకుపోతారు. ఆఖరికి అమ్మానాన్నలు నేర్చుకుంటారు. అమ్మానాన్నల నోట పడ్డ రోజే పిల్లలు దాన్ని వదిలేసి ఇంకోటి వెతుక్కుంటారు. మా భాండారంలో ఒక్కో ఏడాదికి ఒక్కో జాబితా ఉంది. నిద్రమనిషి ఓడ ఎక్కిన ఏడాది జాబితా తీసి, ముందూ వెనకా ఏళ్ళ మాటలు ఒక్కటి కూడా కలవకుండా ఏరి రాయాలి. ఈ పనిలో నన్ను మించినవాళ్ళు లేరని స్టేషనంతా అంటారు, నేనూ కాదనను.

గది బయట కారిడార్లో కూడా ఇదే కట్టుబాటు. నిద్రమనిషి చెవిన పరాయి కాలం మాట పడకూడదు. మాట్లాడితే ఆ ఏడాది మాటే మాట్లాడాలి, రాకపోతే నోరు మూసుకోవాలి. తుడిచే పైడమ్మ మధ్యాహ్నం నన్ను చూసి భయం భయంగా, "గ్లాసుగా తుడిసినానండి" అంది. పాపం, ఆమెకు ఎవరో రాసిచ్చి ఉంటారు.

సాయంత్రానికి రెండు పేజీలు తయారయ్యాయి. జుబేదా చేత పదిసార్లు చదివించాను.

మూడో రోజు

మనసు ఎంత దగ్గరికొచ్చిందో చూపించడానికి మంచం పైన తెర మీద అంకెల వెంట ఎక్కి దిగే ఒక గీత ఉంటుంది. అరవై దాటితే కళ్ళు తెరుస్తారు. ఇవాళ పొద్దున అక్క గీత పద్దెనిమిది దగ్గర ఉంది. మంచి అంకే.

జుబేదా మంచం పక్కన కూర్చుని మొదలుపెట్టింది. "హేయ్ కువలా, లేవవే! ఇంకా బఫర్ అవుతున్నావేంటే? ఓడ దిగేశాం. ఇక్కడ భలే గ్లాస్‌గా ఉంది. కాస్త వాటేజ్ పెంచు!" బఫర్ అంటే ఆ రోజుల్లో బద్ధకంగా పడి ఉండటం. వాటేజ్ అంటే హుషారు. మాటా, విరుపూ అన్నీ ఆ ఏడాదివే. వింటుంటే నాకే ఒళ్ళు జలదరించింది, మా ఇంటి వెనక గదిలో అక్క స్నేహితులు కబుర్లు చెప్పుకుంటున్నట్టే ఉంది.

గీత ఇరవై ఎనిమిది వరకు ఎక్కింది. నేను అద్దానికి ముక్కు ఆనించేశాను. అక్కడ ఒక్క నిమిషం ఆగింది. తర్వాత దిగడం మొదలై పన్నెండు దగ్గర నిలబడింది.

సాయంత్రం ఇంకోసారి పిలిపించాను. ఈసారి ఇరవై కూడా ఎక్కలేదు.

నాలుగో రోజు

పొద్దున రాజేశంగారు నా గదికి వచ్చారు. ఆయన ఎవరి గదికీ వెళ్ళరు, అందరూ ఆయన దగ్గరికే వెళ్ళాలి. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఉత్పలమ్మా, పెద్దోళ్ళందరు లేసిన్రు. నూట ఎనభై మంది. ఒక్కరు గూడ ఇబ్బంది పెట్టలే. గా తొమ్మిది మంది పిల్లలే లేస్తలేరు. తొమ్మిదికి తొమ్మిది అట్లనే ఉన్నరు."

"మా అక్క ఒక్కతే అనుకున్నాను."

"అందరి కత అదే. జెర పైకొస్తరు, వాసన జూసినట్లు జూస్తరు, మళ్ళ కిందికి వోతరు."

తొమ్మిది మందికీ మాటలు రాసింది నేనే. పిలిచేవాళ్ళు వేరు, రాత మాత్రం నాదే. ఆయన వెళ్ళాక కింది వార్డు రిజిస్టరు తెప్పించుకుని, నలభై ఒక్కమంది వయసులూ వరసగా చూశాను. ఇన్నేళ్ళు గోళ్ళు తీశాను గానీ ఈ పని ఎప్పుడూ చెయ్యలేదు. ఇరవై తొమ్మిది మంది ఇరవై రెండేళ్ళ లోపువాళ్ళు. ఒక్కో ఓడలో ఒకరో ఇద్దరో వచ్చినవాళ్ళు. వాళ్ళు లేవనప్పుడల్లా లేత శరీరం, తట్టుకోలేకపోయిందని రాసేశాం.

భయం వేసింది. సిగ్గు కూడా వేసింది. అక్క గీత సాయంత్రానికి పది.

ఐదో రోజు

తప్పు జాబితాలో ఉందనుకున్నాను. మళ్ళీ మొదటి నుంచి వడకట్టాను. కృత్తిక బయల్దేరిన నెల వరకు చూసి, అంతకు ఆరు నెలల ముందే పాతబడ్డ మాటలు రెండు దొరికితే తీసేశాను. ఇంతకంటే స్వచ్ఛంగా ఆ ఏడాది మాట మాట్లాడటం ఆ ఏడాది మనిషికి కూడా సాధ్యం కాదు. అంత బాగా రాశాను.

జుబేదా చదివింది. గీత ఏడుకు పడింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. బయటికి రాగానే పిల్లను పట్టుకుని కడిగేశాను. విరుపు సరిగ్గా లేదన్నాను, మనసు పెట్టి చదవడం లేదన్నాను, ఇంకా ఏవేవో అన్నాను.

"మీరు రాసిందే కదా ఆంటీ నేను చదివినా," అంది జుబేదా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి దానికి. "ఒక్క ముక్క గూడా నాది కాదు ఆడ. ఆ పిల్ల పక్కన కూర్చుంటే నాకు నేనే దొంగ మాదిరి కనపడతాండా."

నా గదికి వచ్చేశాను. మంచి మాట చెప్పిందని అప్పుడు తోచలేదు, ఎదురు చెప్పిందనే అనిపించింది.

ఆరో రోజు

అక్క గీత ఆరు. ఇంకా మూడు రోజులే.

పిల్లను ఊరికే తిట్టానని రాత్రంతా బాధపడ్డాను. పొద్దున భోజనశాలలో వెతుక్కుంటూ వెళ్ళి, దాని బల్ల దగ్గరే పళ్ళెం పెట్టుకుని కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, దానికి నచ్చేలా ఉంటుందని, "ఇవాళ అట్టు ఆక్సీగా ఉందే" అన్నాను.

జుబేదా రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

"ఏమైందే? తప్పుగా అన్నానా?"

"తప్పేం ల్యా. కరెక్టుగానే అన్న్యారు."

"మరి?"

"అదే ఘోరం ఆంటీ. మీ నోట ఆ మాట వింటే సిగ్గు పుడతాది నాకు. మా అమ్మ గూడా ఇట్లే అంటాది. నా స్నేహితులు ఇంటికి వస్తే చాలు, రాండి రాండి ఆక్సీగా కూర్చోండి అంటాది. సచ్చిపోదామనిపిస్తాది నాకు." ఇంతలో నవ్వేసింది. "కానీ మా అమ్మ అట్ల అనని రోజు ఇంట్లో ఏమో జరిగిందని అనుకుంటా. అమ్మకు బాగలేదేమో అని."

నేను తింటున్న ముక్క నోట్లోనే ఉండిపోయింది.

తొమ్మిది మంది పిల్లలు. కళ్ళు తెరవకముందే వాళ్ళ చెవిలో ఎవరో వాళ్ళ వయసు మాట మాట్లాడుతున్నారు. ఒక్క తప్పు లేదు, ఒక్క పాత మాట లేదు, పక్కనుంచి ఒక్క పెద్ద గొంతు లేదు. ఏ ఇల్లు అలా ఉంటుంది? ఏ వీధి అలా ఉంటుంది? పెద్దవాళ్ళకు ఆ తేడా తెలియలేదు, పర్వాలేదులే అనుకుని లేచొచ్చారు. పిల్లలకు తెలిసిపోయింది. తమలాగే మాట్లాడుతున్న ఎవరో బయటివాళ్ళు, ఎందుకో నటిస్తున్నారు. అలాంటి చోట కళ్ళు ఎవరు తెరుస్తారు?

ఇరవై రెండేళ్ళుగా నేను వడకట్టి పారబోసిందే వాళ్ళకు కావలసిన సరుకు.

ఏడో రోజు

రాజేశంగారి దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. రేపు నేను లోపలికి వెళ్తాను, రాసుకున్నది చదవను, నాలాగే మాట్లాడతాను అన్నాను. ఆయన సగం విని తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టారు.

"బంధువులు వద్దని ఎందుకు పెట్టిన్రో నీకు ఎరుకనే గద. నువ్వు గీ గదిల చేరక ముందు సంగతి. ఒక తండ్రిని లేపనీకె కొడుకును పంపినం. కొడుకు గొంతు తన గొంతు కంటె ముసలిగ ఇనవడె. ఆ మనిషి గీత సున్నకు వడ్డది. ఆ కొడుకును సముదాయించనీకె నా తాతలు దిగొచ్చిన్రు."

"చెల్లెలినని చెప్పను. ఎవరో ముసలావిడ అనుకుంటుంది."

"చెప్పకుండ ఉంటవా? నీతోని అయితదా?"

అవుతుందన్నాను. నమ్మకం లేకుండానే అన్నాను.

ఆయన లేచి, అద్దంలోంచి అక్కను చూశారు. గీత ఐదు. పక్క గదుల్లో మిగతా ఎనిమిది మందివీ అంతే, నాలుగు, ఆరు, ఐదు. కళ్ళజోడు తీసి అంగీ అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"నేనైతే ఒప్పుకోను," అన్నారు చివరికి. "కని రేపు పొద్దుగాల ఎనిమిదింటికి నేను చాయ్ తాగనీకె వోత. మన చాయ్ సంగతి నీకు ఎరుకనే. దిగేవరకు అద్ద గంట వడతది."

ఎనిమిదో రోజు

ఎనిమిదింటికి లోపలికి వెళ్ళాను. ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు. ఎడమ కనుబొమ మీద చిన్న గాటు, ఎప్పుడు పడిందో గుర్తు రాలేదు. అక్క గురించి ఒక్కటైనా మర్చిపోలేదని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

"కువలా, లేమ్మా," అన్నాను. "నేనొక ముసలిదాన్ని. ఈ స్టేషన్లో ఉంటాను. నీ ఈడు పిల్లనని చెప్పి నిన్ను నమ్మించే ఓపిక నాకు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఇక్కడ చలి ఎక్కువ, టీ బాగోదు. మిగతాదంతా బాగానే ఉంటుంది. నువ్వు చూసుకోవాల్సిన పాచి తోట ఉంది చూశావూ, మా అందరికీ గాలినిచ్చేది, అది మాత్రం భలే నియాన్‌గా ఉంటుంది."

గీత ఐదు నుంచి తొమ్మిదికి వెళ్ళింది. కారిడార్లో పైడమ్మ చీపురు ఆగిపోయింది.

"మా కాలంలో నియాన్ అనేవాళ్ళం. ఇప్పటి పిల్లలు ఆక్సీ అంటారు. మీ బ్యాచ్‌వాళ్ళు ఏమంటారూ, గ్లాస్ కదూ? నాకూ వచ్చులే. నేను వేసే పెసరట్టు సూపర్ గ్లాస్. అల్లం పచ్చడి డబుల్ గ్లాస్."

అక్క కనుబొమలు దగ్గరికి వచ్చాయి. పై పెదవి ఒక పక్కకు లాగినట్టయింది. అది నొప్పి అనుకుని మొదట హడలిపోయాను. అంతలో ఆ మొహం ఎక్కడ చూశానో గుర్తొచ్చింది. ఒకసారి అక్క స్నేహితురాళ్ళు ఇంటికొస్తే అమ్మ పకోడీల పళ్ళెం తెచ్చి పెట్టి, "మీ డ్రస్సులు భలే గ్లాసుగా ఉన్నాయర్రా" అంది. అప్పుడు అక్క పెట్టిన మొహం ఇదే. వారం రోజులు అమ్మతో మాట్లాడలేదు.

గీత ఇరవై మూడు.

ఇక నేను దయ చూపలేదు. "లేవవేంటమ్మా, అంత బఫరా? బఫరు పిల్లలంటే నాకు పడదు. లే, లేచి కూర్చుంటే వాటేజే వాటేజు! మొహం కడుక్కో, జడ వేసుకో, గ్లాస్ గ్లాసుగా తయారవ్వు. నిన్ను చూసి స్టేషన్లో కుర్రాళ్ళంతా బఫరైపోవాలి!" ఆ మాట ఆ చోట ఎవరూ వాడరు. అది నాకు తెలుసు. మా అమ్మ అయితే సరిగ్గా అలాగే వాడి ఉండేది. ముప్ఫై ఎనిమిది. నలభై నాలుగు. నాకు చెమటలు పడుతున్నాయి, నోరు మాత్రం ఆగడం లేదు. గ్లాసు గదులు, గ్లాసు దుప్పట్లు, గ్లాసు కూరలు, ఏది తోస్తే దానికి తగిలించేస్తున్నాను.

యాభై ఎనిమిది దగ్గర పెదవులు కదిలాయి. చెవి దగ్గరగా పెట్టాను.

"ఆంటీ," అంది అక్క. యాభై రెండేళ్ళుగా వాడని గొంతు, ఎండుటాకుల చప్పుడులా ఉంది. "ప్లీజండీ. అలా అనకండి."

కళ్ళు తెరిచింది. నన్ను చూసింది. భయం లేదు ఆ కళ్ళలో. నా తరఫున తను సిగ్గుపడిపోతోంది, అంతే.

"అననమ్మా," అన్నాను. "ఇంకెప్పుడూ అనను." కుర్చీలో కూలబడి భోరుమని ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వాను. తలుపు దగ్గర రాజేశంగారు టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎప్పటినుంచి ఉన్నారో తెలియదు. టీ మొత్తం అంగీ మీద ఒలకబోసుకున్నారు.

గుండెల మీద నుంచి ఏదో బరువు దిగిపోయింది. ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చి ఎన్నేళ్ళయిందో.

తొమ్మిదో రోజు

నిన్న మధ్యాహ్నం నుంచే మిగతా ఎనిమిది గదుల్లో జాబితాలు తీసేశాం. ఎవరికి వచ్చినట్టు వాళ్ళు మాట్లాడుతున్నారు. జుబేదా ఒక గదిలో తన ఆక్సీ భాషలో వాళ్ళమ్మ మీద చాడీలు చెప్పింది, అరగంటలో ఆ పిల్ల కళ్ళు తెరిచి "మా అమ్మా ఇంతే" అంది. రాజేశంగారు ఒక గదిలో కూర్చుని తన మోకాళ్ళ నొప్పుల గురించి చెబుతూ మధ్యలో ఎక్కడో విన్న "వాటేజ్" తగిలించారట. ఈ మధ్యాహ్నానికి ఏడుగురు లేచారు. మిగిలిన ఒక్కడి గీత యాభై దాటింది. పైడమ్మ చీపురు పక్కన పెట్టేసి వాడి దగ్గరే కూర్చుంది, లేచే దాకా కదలనంటోంది.

కింది వార్డు సంగతి రాజేశంగారితో మాట్లాడాను. రేపటి నుంచి అక్కడా మొదలుపెడతాం. ఏమవుతుందో తెలియదు. వాళ్ళలో కొందరు ఇరవై ఏళ్ళ కిందట వెళ్ళినవాళ్ళు. వాళ్ళకు నేను చేసిన పని మాత్రం ఈ పుస్తకంలో రాసి సంతకం పెడుతున్నాను.

ఇక అక్క.

పొద్దున గంజి తాగింది. దిండు ఆనుకుని కూర్చుంది. ఓడ ఎన్నేళ్ళు నడిచిందని అడిగింది. అడిగినవాళ్ళకు నిజమే చెప్పాలన్నది కూడా మా నియమమే, చెప్పాను. వేళ్ళు ముడుస్తూ లెక్క వేసుకుంది. రాజేశంగారు గీత కనబడేలా జరిగి నిలబడ్డారు.

"మాకు ఓడ ఎక్కేటప్పుడు చెప్పిందీ అంతేలెండి," అంది అక్క. "ఆంటీ, మా చెల్లి తర్వాతి ఓడలో వస్తానంది. పదకొండేళ్ళు దానికి. బుల్లి అంటాం. వచ్చిందాండీ?"

"వచ్చింది."

"ఎక్కడుంది?"

"ఇక్కడే ఉంది."

తలుపు వైపు చూసింది. తలుపు దగ్గర ఎవరూ లేరు. మళ్ళీ నా వైపు చూసింది. ఈసారి చాలాసేపు చూసింది. నా కళ్ళూ, ముక్కూ, చేతులూ ఒక్కొక్కటే చూసింది. నేను చెప్పకుండా ఉండగలనని రాజేశంగారితో అన్న మాట అబద్ధమని తేలిపోయింది. నేను నోరు తెరవకముందే నా మొహం చెప్పేసింది.

"బుల్లీ?"

తల ఊపాను.

గీత అరవై ఎనిమిది నుంచి యాభై తొమ్మిదికి పడింది. యాభై రెండు. నలభై తొమ్మిది. అక్క కళ్ళు మూతలు పడుతున్నాయి. నా చేతులారా పోగొట్టుకుంటున్నానని అనిపించింది. నిన్న తెరిపించిన కళ్ళను ఇవాళ నేనే మూయిస్తున్నాను. మంచం అంచు గట్టిగా పట్టుకుని, "అక్కా, వెళ్ళిపోకే," అన్నాను. మాట అంతే వచ్చింది. ఏ ఏడాది మాటో నాకు తెలియదు.

కళ్ళు మూసుకునే మాట్లాడింది. "నేను ముందొచ్చి అన్నీ చూసుకోవాలనుకున్నానే. నీకు ఓ మంచం చూసిపెట్టి, ఓడ దగ్గరికొచ్చి నిన్ను దింపుకుందామనుకున్నాను. భయపడతావు కదా నువ్వు. నేను వస్తానని చెప్పాను కదా అమ్మతోటి." చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. "ఎవరొచ్చారే నిన్ను దింపుకోడానికి?"

"ఎవరూ రాలేదు. పర్వాలేదులే. ఎప్పుడో సంగతి."

"భయమేసిందా?"

"వేసింది."

యాభై ఐదు. అరవై ఒకటి. అక్క కళ్ళు తెరిచి ముంజేత్తో మొహం తుడుచుకుంది. రాజేశంగారు గోడ వైపు తిరిగి దేనికోసమో జేబులు వెతుక్కుంటున్నారు.

"అయితే ఇప్పుడు నువ్వే పెద్దదానివా?" అంది.

"కాదు. నువ్వే."

అక్క మంచం మీద తన ముందు చోటు చూపించింది. "ఇలా వచ్చి కూర్చో. ఆ జుట్టేంటే బాబూ, పీచులా? ఎవరూ దువ్వరా నీకు?"

అటు తిరిగి కూర్చున్నాను. వేళ్ళతోనే చిక్కులు తీసింది. చేతుల్లో ఇంకా బలం రాలేదు, మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటోంది. తెల్ల వెంట్రుకల గురించి ఒక్క మాట అనలేదు. మూడు పాయలు చేసి అల్లడం మొదలుపెట్టింది. నాకు ఏడుపు ఆగక భుజాలు కదిలాయి.

జడ పట్టుకుని ఒక్క లాగు లాగింది. "కదలకే," అంది.

కదలలేదు.